శాలువాకు సన్మానం, గొంగడికి సామెత

మార్గశిరం వచ్చేసరికి మన పత్రికల ఆదివారపు అనుబంధాలకు ఏటా ఒక పూనకం వస్తుంది. "ఈ చలికాలం చదవవలసిన పది పుస్తకాలు" అని ఎడమ పేజీ. "ఈ చలికాలం మీ బీరువాలో ఉండవలసిన పది దుస్తులు" అని కుడి పేజీ. ఎడమ పేజీ బొమ్మలో కిటికీ అవతల మంచు కురుస్తూ ఉంటుంది. ఇవతల పొగలు కక్కే కాఫీ, దాని పక్కన బోర్లించిన ఇంగ్లీషు నవల. కుడి పేజీ బొమ్మలో మోకాళ్ళ దాకా తోలు బూట్లు, మెడకు మూడు చుట్లు తిరిగిన మఫ్లరు, మడమల దాకా దిగే ఉన్ని కోటు. ఈ రెండు పేజీలనూ తిరగేస్తున్న పాఠకుడు నెల్లూరులోనో ఒంగోలులోనో పంకా కింద కూర్చొని ఉంటాడు. పంకా వేగాన్ని ఐదునుంచి మూడుకు తగ్గించడమే అతడి హేమంతం.

ఇందులో నవ్వుకొని వదిలివేయదగినది కొంత ఉంది. వదిలివేయరానిది కూడా ఉంది. చలికాలంలో నాకు ఇష్టమైన పుస్తకాలేవి, ఇష్టమైన బట్టలేవి అని మిత్రులు అడుగుతూ ఉంటారు కనుక నేనూ నా జాబితా చెప్పబోతున్నాను. అయితే ఆ రెండు పేజీలతో నాకున్న తగవు తేలకుండా చెబితే నాదీ పదకొండో జాబితా అవుతుంది తప్ప దానివల్ల ఎవరికీ ప్రయోజనం ఉండదు.

మొదటి తగవు మాటలతో. "వెచ్చని స్నేహం", "వెచ్చని జ్ఞాపకం", "మనసును వెచ్చబరచే పుస్తకం" అని ఈమధ్య ప్రతి సమీక్షలోనూ కనబడుతున్నది. ఇంగ్లీషువాడు వెచ్చదనాన్ని ప్రేమకు పర్యాయపదంగా చేసికొన్నాడంటే అతడి దేశపు శీతోష్ణస్థితి అటువంటిది. తెలుగువాడు బిడ్డను "చల్లగా ఉండు" అని దీవిస్తాడు. ఆదుకొన్నవాణ్ణి "నీ కడుపు చల్లగా" అంటాడు. సీమంతంలో ఆడపడుచు ఒడిలో చలిమిడి పెడతాడు. పుణ్యం చేయదలచుకొంటే ఎండాకాలంలో చలివేంద్రం పెడతాడు. చల్లదనాన్ని ఆశీర్వచనంగా మలచుకొన్న భాషలో మనసులు ఇప్పుడు వెచ్చబడుతున్నాయంటే, ఆ మనసులు ఏ భాషలో చదివి ఏ భాషలో రాస్తున్నాయో తెలుస్తూనే ఉన్నది.

అంతమాత్రాన మనకు చలి లేదనడం లేదు. ఆదిలాబాదు పల్లెల్లో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత పది డిగ్రీలకు చాలా దిగువకు పడిపోవడం ఏటా వార్తలలో చదువుతూనే ఉన్నాం. చింతపల్లి కొండలలోని లంబసింగికి మంచు చూడడానికని కార్లు వేసికొని వెళ్ళివస్తున్నాం. అక్కడ తెల్లవారుజామున మంచుతెర ముందు నిలబడి ఫొటోలు దిగేవారికి చలి వినోదం. అదే తెల్లవారుజామున కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని సంతకు నడిచే గిరిజన స్త్రీకి చలి చలే. థర్మామీటరు ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది. చలిని కొలవవలసింది దానితో కాదు, ఒంటిమీద ఉన్న గుడ్డతో.

ఈ ముక్క తెలిసినవారు రాసిన కథలే నా దృష్టిలో చలికాలపు సాహిత్యం. నా జాబితాలో ఉన్న పరదేశపు, పరభాషా కథలు మూడు. మూడూ చలి గురించినవే. ఆశ్చర్యం ఏమిటంటే మూడింటిలోనూ కథ ఒక బట్ట చుట్టూనే తిరుగుతుంది.

మొదటిది గొగోల్ 1842లో ప్రచురించిన "ఓవర్‌కోటు". పీటర్స్‌బర్గులో ఒక చిన్న గుమాస్తా, పేరు అకాకీ అకాకియెవిచ్. పాత కోటు మాసికలకు కూడా ఓర్వని దశకు వచ్చింది. దర్జీ పెత్రోవిచ్ కొత్తది కుట్టక తప్పదన్నాడు. ఇక అకాకీ సాయంకాలపు టీ మానుకొన్నాడు, రాత్రి కొవ్వొత్తి వెలిగించడం మానుకొన్నాడు, చెప్పుల అడుగులు అరిగిపోకుండా వీధిలో మునివేళ్ళమీద నడిచాడు. కోటు వచ్చింది. ఖరీదైన బొచ్చు కొనలేక కాలరుకు పిల్లితోలు వేయించాడు. దూరంనుంచి చూస్తే తెలియదులే అనుకొన్నారు. తొడుక్కొన్న మొదటి రోజు రాత్రే దొంగలు ఒలుచుకొని పోయారు. ఫిర్యాదు వినవలసిన పెద్దమనిషి కసురుకొన్నాడు. అకాకీ జ్వరపడి చనిపోయాడు. ఆ తరువాత దయ్యమై పెద్దమనుషుల భుజాలమీది కోట్లు లాగివేశాడంటారు. కుడి పేజీలో ఆ పొడుగు కోటు బొమ్మ వేసినవారు ఎడమ పేజీలో ఈ కథ పేరు వేయరు. వేస్తే కుడి పేజీ చూసేవాడి చేయి ఆగుతుంది.

రెండవది తొల్స్తోయ్ 1895లో ప్రచురించిన "యజమాని, పాలేరు". లాభసాటి బేరం ఒకటి చేజారుతుందేమోనని వ్యాపారి బ్రెఖునోవ్ మంచుతుపానులో బండి కట్టించి బయలుదేరుతాడు. అతడి ఒంటిమీద బొచ్చుకోట్లు. పాలేరు నికీతా ఒంటిమీద చిరుగులు. దారి తప్పుతారు. గుర్రంమీద ఒంటరిగా పారిపోబోయి తిరిగి తిరిగి అక్కడికే వచ్చిన యజమాని, గడ్డకట్టిపోతున్న పాలేరును చూసి, కోటు విప్పి పరచి తానే అతడిమీద బోర్లా పడుకొంటాడు. తెల్లవారేసరికి పైనున్నవాడు పోయాడు, కిందున్నవాడు బతికాడు. జీవితమంతా తన ఒంటికి తొడుక్కొన్న బొచ్చు ఒక్క రాత్రి ఇంకొకడికి దుప్పటి అయితే మనిషికి ఏమవుతుందో ఆ కథలో ఉన్నది.

మూడవది ప్రేమ్‌చంద్ 1930లో రాసిన "పూస్ కీ రాత్". పుష్యమాసపు రాత్రి. కంబళి కొనుక్కోవడానికి పైసా పైసా కూడబెట్టిన మూడు రూపాయలను హల్కూ అప్పులవాడి చేతిలో పోసి, పాత దుప్పటి కప్పుకొని చేను కాపలాకు వెళతాడు. తోడు కుక్క జబ్రా. చలికి ఆగలేక కుక్కను కౌగిలించుకొంటాడు. మామిడాకులు పోగుచేసి మంట వేసికొంటాడు. ఆ వెచ్చదనంనుంచి లేవలేక, పశువులు చేను మేస్తున్న చప్పుడు వింటూనే పడుకొంటాడు. తెల్లవారి భార్య వచ్చి పంటంతా పోయిందని బావురుమంటే, ఇక రాత్రుళ్ళు ఇక్కడ చలిలో పడుకోనక్కరలేదు కదా అంటాడు. "వెచ్చదనం" అన్న మాటను సమీక్షలలో విరివిగా వాడేవారు ఈ కథ చదివిన తరువాత వాడితే నాకు అభ్యంతరం లేదు.

పరాయి మంచు మీద నాకు ద్వేషం లేదని ఈపాటికి అర్థమై ఉంటుంది. విశాలాంధ్ర పుస్తకశాలలలో మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణలు కొనుక్కొని, మండువేసవిలో చెమటలు కక్కుతూ రష్యా మంచులో నడిచిన తరం మాది. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటు ఆ పుస్తకాల రాక ఆగింది కాని, ఆ మంచు మాలో కరగలేదు. ఆ పుస్తకాలలో మంచు అలంకారం కాదు. మంచు పడితే ఎవరికో కట్టెలు తక్కువపడేవి. ఈనాటి జాబితాలలోని మంచుకు ఎవరికీ ఏమీ తక్కువపడదు. నా తగవు అక్కడ.

ఇక మనవి. పెద్దన ప్రవరుణ్ణి నేను చలికాలంలోనే చదువుతాను. తెలుగు కావ్యనాయకులలో హిమాలయాలకు అంత సులువుగా వెళ్ళినవాడు, అంత ఇబ్బందిలో పడినవాడు మరొకడు లేడు. సిద్ధుడిచ్చిన పాదలేపం పూసికొని క్షణంలో వెళ్ళాడు; మంచునీటికి అది కరిగిపోయి తిరిగివచ్చే దారి లేక నిలబడ్డాడు. మంచు చూడబోయేవాడికి తిరుగుదారి కూడా ఉండాలన్న ఎరుక లంబసింగి యాత్రికులకంటె పెద్దనకే ఎక్కువ. పాలగుమ్మి పద్మరాజు "గాలివాన" రెండవది. 1952 నాటి ప్రపంచ కథానికల పోటీలో బహుమతి పొందిన కథ అని అందరికీ తెలుసు. తుపాను రాత్రి, నిర్మానుష్యమైన రైల్వేస్టేషను, జీవితాన్ని సిద్ధాంతాల గళ్ళలో సర్దుకొన్న రావుగారు, ఒక బిచ్చగత్తె. మన చలి మంచుతో కాదు, వానతోనూ ఈదురుగాలితోనూ వస్తుందని తెలిసిన కథ అది. ఆ చలిలో రావుగారి హోదా ఆయనను కాపాడలేదు. పక్కనున్న మనిషి ఒంటి వేడి కాపాడింది.

మూడవది తిరుప్పావై. ఫలానా ఋతువులో ఫలానాది చదవాలన్న ఆలోచన ఇంగ్లీషు పత్రికలు నేర్పితే వచ్చిందనుకొనేవారికి చెబుతున్నాను: ధనుర్మాసంలో రోజుకొక పాశురం చొప్పున ముప్పై రోజులకు ముప్పై పాశురాలు అన్న ఏర్పాటు మన ఆలయాలలో ఎన్ని తరాలుగానో ఉన్నది. అందులో గోదాదేవి చెలికత్తెలతో కలిసి తెల్లవారుజామున చన్నీటి స్నానానికి బయలుదేరుతుంది. నెయ్యి తినము, పాలు తాగము, కాటుక పెట్టుకోము, పూలు ముడుచుకోము అని రెండవ పాశురంలో వ్రతనియమం చెబుతుంది. ఇరవై ఏడవ పాశురానికి వచ్చేసరికి నగలు కావాలి, కొత్తబట్టలు కావాలి, మోచేతివరకు నెయ్యి కారే పాలన్నం అందరం కలిసి కూర్చొని తినాలి అంటుంది. "అందరం కలిసి" అన్నదే అక్కడ కీలకం. చలికాలపు బట్టల గురించి నేను చదివిన మాటలలో అంతకంటె మంచి మాట లేదు.

పుస్తకాలు ఇవి. ఇక కుడి పేజీకి వస్తాను. అసలు తగవు అక్కడే ఉంది.

తెలుగు సాహిత్యకారుడి బీరువాలో చలికాలపు బట్ట ఒకటి కాదు, పదుల కొద్దీ ఉంటుంది. దాని పేరు శాలువా. పుస్తకావిష్కరణకు ఒకటి, షష్టిపూర్తికి ఒకటి, ఉగాది కవిసమ్మేళనానికి ఒకటి. ఏప్రిల్ నెలలో, సభామందిరంలో గాలి ఆడక జనం కరపత్రాలతో విసురుకొంటూ ఉండగా, వేదికమీది పెద్దాయనకు శాలువా కప్పుతాం. ఆయన చెమటతో తడుస్తూ చిరునవ్వుతో ఫొటోకు నిలబడతారు. కూర్చోగానే తీసి మడిచి ఒళ్ళో పెట్టుకొంటారు. ఇంటికి వెళ్ళాక అది బీరువాలో పాత శాలువాల మీద చేరుతుంది. నేను చూసినంతలో వాటిలో ఎక్కువ భాగం ఉన్నివి కావు. అంచుకు జరీ మెరుపులు కుట్టిన కృత్రిమ నూలువి. చలికి ఆగవు, చెమటను పీల్చవు, తువ్వాలుకూ పనికిరావు. గౌరవం తప్ప వేరే ఉపయోగం లేని వస్త్రం అది. రాజాస్థానంలో మెప్పుకోసం ఒంటికి అలవాటు లేని వేషం వేసికోవలసివచ్చిందని శ్రీనాథుడు విసుక్కొన్నట్టు ఒక చాటువు ప్రచారంలో ఉంది. ఆయనకు విసుక్కొనే ధైర్యమైనా ఉండేది.

ఇదే నేలమీద ఇంకొక వస్త్రం ఉంది. తెలంగాణలో గొంగడి, కోస్తాలో గొంగళి, సీమలో కంబళి. దక్కను పీఠభూమి గొర్రె నల్లని ముతక ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏకుతారు. కురుమ ఆడవాళ్ళు నూలు వడుకుతారు. ఆ నూలుకు చింతగింజల గంజి పెడతారు. మగవాళ్ళు గుంటమగ్గంమీద నేస్తారు. రంగు అద్దరు, గొర్రె రంగే దాని రంగు. ఉన్నికి ఒక గుణం ఉంది: తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చికొన్నా తడిసినట్టు అనిపించదు, వెచ్చదనం పోగొట్టుకోదు. అందుకే గొర్రెలకాపరికి గొంగడి చలిలో దుప్పటి, వానలో గొడుగు, రాత్రి పరుపు. మడిచి భుజాన వేసికొంటే మూట, నెత్తిన గుడిసెలాగా వేసికొంటే ఇల్లు. సంక్రాంతి తరువాత కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్ళి చూడండి. దేవుడి ముందు కూడా అదే.

శాలువాదీ గొంగడిదీ ఒకే పుట్టుక. అసలు సిసలు పష్మీనా లడఖ్ చంగ్‌థాంగ్ మేకల బొచ్చు. గొంగడి దక్కను గొర్రెల బొచ్చు. రెండూ జంతువు ఒంటినుంచి వచ్చినవే, రెండూ పశుపాలకుల శ్రమే. మరి ఒకటి సన్మానమూ మరొకటి మోటుతనమూ ఎందుకయ్యాయి? నునుపు, గరుకు అని జవాబు చెప్పకండి. మీ సభలలో కప్పే శాలువాలో పష్మీనా పోగు ఒక్కటి కూడా లేదు. తేడా ఉన్నిలో లేదు. దానిని మోసిన భుజంలో ఉంది. శాలువా దర్బారునుంచి వచ్చింది, గొంగడి గొర్రెలమందనుంచి వచ్చింది. వస్త్రానికి కూడా మనం కులం అంటగట్టాం.

మన భాషే సాక్ష్యం. శాలువా గురించి చెప్పవలసివస్తే "శాలువాతో ఘనంగా సత్కరించారు" అని పత్రికాభాష. గొంగడి గురించి? "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే." అంటే కదలని పనికి ఉపమానం. "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు." అంటే తెలివితక్కువకు ఉపమానం. ఆకు తినివేసే పురుగుకు గొంగళిపురుగు అని పేరు. ఊరూరూ మందవెంట తిరిగిన వస్త్రాన్ని కదలనిదానికి గుర్తు చేసికొన్నవారు ఒక్కసారైనా కాపరి వెంట నడిచి ఉంటారా? ఆ వస్త్రాన్ని వేదికమీదికి ఎక్కించడానికి ఒక గద్దర్ రావలసివచ్చింది. భుజాన గొంగడితో, చేతిలో కర్రతో ఆయన పాడుతుంటే అది సన్మానవస్త్రంకంటె పెద్దదని లక్షలమందికి తెలిసింది. 2023లో ఆయన మరణించారు. సంతాపసభలలో ఆయన గొంగడిని కీర్తించిన వక్తల భుజాలమీద ఏమున్నదో మీరూ చూసి ఉంటారు.

ఈలోగా గొంగడికి మూలమైన గొర్రే తగ్గిపోతున్నది. మేతభూములు కుంచించుకుపోయాయి. ఉన్నికి ధర లేదు, మాంసానికి ఉంది. కనుక ఉన్ని కాయని జాతులు మందలలో చేరాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కొక్క లబ్ధిదారుకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇతర రాష్ట్రాలనుంచి కొనితెచ్చి ఇచ్చారు. ఆ పథకపు ఉద్దేశం మాంసం. ఉన్ని మాట అందులో లేదు. కత్తిరించిన నల్ల ఉన్నిని కొనేవాడు లేనప్పుడు వడికే చేతులు ఎంతకాలం వడుకుతాయి?

"గొంగడి గుచ్చుకొంటుంది కదండీ" అంటారు. గుచ్చుకొంటుంది. మొదటి వారం గుచ్చుకొని తరువాత మెత్తబడుతుంది. పైగా దానిని చొక్కామీద కప్పుకొంటారు తప్ప ఒట్టి ఒంటిమీద కాదు. "మీ మురిపెం కోసం కురుమల పిల్లలు చదువులు మాని మగ్గం గుంటలో కూర్చోవాలా?" అని ఇంకొక ప్రశ్న వస్తుంది. ఇది మంచి ప్రశ్న. కూర్చోనక్కరలేదు. కులవృత్తిని కులానికే కట్టివేయమని నేను అనను. కాని తనకు ఇష్టమైన వేరే పనికి వెళ్ళడం వేరు, చేతిలో ఉన్న పనికి కూలి గిట్టక వెళ్ళగొట్టబడడం వేరు. ఈ రోజున జరుగుతున్నది రెండవది. ఆ నేత నేర్చుకోవాలనుకొన్నవాడు ఏ ఇంట పుట్టినవాడైనా నేర్చుకొని బతకగలిగే ధర దానికి పలకాలి అన్నదే నా మాట. "తెలుగు కవికి గొంగడి కప్పితే అవమానం కదా" అని పైకి అనకుండా లోపల అనుకొనేవారూ ఉంటారు. వారికి నా దగ్గర జవాబు లేదు. పైన చెప్పిన మూడు కథలూ చదవమనడం తప్ప.

నా బట్టల జాబితా చిన్నది. ఒకటి, సోలాపూర్ దుప్పటి. అది పరాయిది అనుకోకండి. తెలంగాణనుంచి వలసవెళ్ళిన పద్మశాలీలు సోలాపూర్ మగ్గాలకు ఆయువుపట్టు. రెండు, చలికాలంలో మన పట్టణాల కాలిబాటలమీద టిబెటన్ శరణార్థులు అమ్మే స్వెటరు. లూధియానా సరుకే కావచ్చు. దేశం పోగొట్టుకొని మనకు వెచ్చదనం అమ్ముకొంటున్నవారి దగ్గర బేరమాడకుండా కొనడం కూడా ఒక పఠనమే. మూడు, గొంగడి. నా దగ్గర ఉన్నది మా తాతగారిది. అంచులు మాసికలు పడ్డాయి, వాన వాసన ఇంకా పోలేదు. దానిని కప్పుకొనే పూస్ కీ రాత్ చదువుతాను. నా దగ్గర ఉన్న కంబళి హల్కూకు లేదన్న సంగతి అప్పుడే నాకు బాగా గుర్తుంటుంది.

చివరగా సభలు నిర్వహించేవారికి ఒక విన్నపం. హైదరాబాదులో డిసెంబరు పుస్తక ప్రదర్శన, బెజవాడలో జనవరి పుస్తక మహోత్సవం: మన సాహిత్యసభలకు చలికాలమే అసలైన ఋతువు. ఈ ఋతువులో ఏ వేదికమీదా కృత్రిమ నూలు శాలువా కప్పకండి. ఆ డబ్బుతో గొంగడి కొనండి. దళారి దగ్గర కాదు, నేసినవాడి దగ్గర, అతడు చెప్పిన ధరకు. అంత ఖర్చు పెట్టలేకపోతే ఒక పుస్తకం ఇవ్వండి. ఇక ఇప్పటికే బీరువాల నిండా శాలువాలున్న పెద్దలు ఈ రాత్రే వాటిని బయటికి తీసి, చలికి ఆగేవాటిని వేరుచేసి, తెల్లవారకముందే బస్టాండుకో రైల్వేస్టేషనుకో తీసికొని వెళ్ళండి. అక్కడ నేలమీద ముడుచుకొని పడుకొన్నవారికి మీరు ఎవరో, మీకు ఏ బిరుదు ఉన్నదో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. నిద్ర లేపకుండా కప్పి రండి.